ఈనిడ్ కట్టిన విమానం

ఆదివారం పొద్దున పిండి వత్తే పలక కోసం ఈనిడ్ వంటింట్లో వెతకలేదు. తిన్నగా ముందుగదిలోకి వెళ్ళింది. అనుకున్నట్టే పలక అక్కడే ఉంది, కిటికీ పక్క బల్ల మీద. దాని నిండా గుండుసూదులు, ఆ సూదుల మధ్య అగ్గిపుల్లలంత సన్నటి బాల్సా అనే తేలిక చెక్క పుల్లలతో కట్టిన ఒక బొమ్మ విమానం రెక్క. చేప ముల్లులా ఉంది.

"దాన్ని ముట్టుకోకు, జిగురు ఇంకా ఆరలేదు," అన్నాడు క్లిఫర్డ్, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

"మరి ఆపిల్ పై చెయ్యాలి, పిండి ఎక్కడ వత్తను?"

"బల్ల మీద వత్తుకో. బల్లకేమైంది?"

బల్లకేమీ కాలేదు. చెక్క అతుకుల్లో పిండి ఇరుక్కుంటుంది, దాన్ని కత్తిమొనతో గీకి తీసుకోవాల్సింది తను, అంతే. ఈనిడ్ పిండి గిన్నె బల్ల దగ్గరికి తెచ్చుకుంది. అత్తగారు బియాట్రిస్ కుర్చీలో ఊలు కండె సర్దుకుంటూ, "మావాడికి చిన్నప్పట్నుంచీ అంతే. ఒకచోట కూర్చున్నాడంటే చేతిలో పని అయ్యేదాకా లేవడు," అంది మురిపెంగా. ఈ మాట ఈనిడ్ పెళ్ళయిన కొత్తలో మొదటిసారి విన్నప్పుడు తను కూడా మురిసిపోయింది. తర్వాత్తర్వాత తెలిసింది, ఒక మనిషి పని అయ్యేదాకా లేవకుండా కూర్చోవాలంటే ఆ ఇంట్లో ఇంకో మనిషి కూర్చోకుండా ఉండాలని. కెటిల్ మరిగితే లేచేది, తలుపు కొడితే లేచేది, వాన చినుకు పడితే ఆరేసిన బట్టల కోసం దొడ్లోకి పరిగెత్తేది, ఆఖరికి అదే కెటిల్ ఆవిరి మీద అతని విమానం రెక్కలకు అంటించిన టిష్యూ కాగితం బిగిసేలా తిప్పి తిప్పి పట్టుకునేది తనే.

కాగితం అంటించే పని మొదటినుంచీ ఈనిడ్‌దే. క్లిఫర్డ్ వేళ్ళు మొద్దువి, కాగితం ముడతలు పడేది. "నీ చేతులు మెత్తనివి, నువ్వయితే బాగా వస్తుంది," అన్నాడోసారి. అది మెచ్చుకోలని ఆమె చాలాకాలం అనుకుంది. బొమ్మ విమానాల క్లబ్బువాళ్ళ వార్షిక విందులో కప్పు అందుకున్నప్పుడు అతను లేచి నిలబడి, ఈ ఏడాది తనమీద దయచూపిన గాలికీ, కొత్తరకం జిగురుకీ, మధ్యాహ్నాలు టీ పోసిన ఆడవాళ్ళకీ కృతజ్ఞతలు చెప్పాడు. అందరూ నవ్వారు. టీ పోసినవాళ్ళలో ఉండి ఈనిడ్ కూడా నవ్వింది. ఎర్ర కాగితం రెక్కల విమానం బహుమతుల బల్ల మీద మెరుస్తోంది. ఒక్క ముడత లేదు.

ఆదివారాలన్నీ ఒకేలా గడిచేవి. పొద్దున్నే లేచి గొర్రెమాంసం ఓవెన్‌లో పెట్టి, బంగాళాదుంపలు చెక్కి, అత్తగారికి ఏది ఎప్పుడు దించాలో చెప్పి, శాండ్‌విచ్‌లు కట్టుకుని, మోటారుసైకిలెక్కి ఊరి బయట పాత యుద్ధ విమానాశ్రయానికి వెళ్ళేవాళ్ళు. మోటారుసైకిలుకి పక్కబండి ఉంది. పెళ్ళికి ముందు అందులో ఈనిడ్ కూర్చునేది. ఇప్పుడందులో విమానాల పెట్టె కూర్చుంటుంది, ఈనిడ్ వెనక సీటు మీద స్కార్ఫు గడ్డం కింద బిగించి కట్టుకుని కూర్చుంటుంది. పెట్టెకి గాలీ కుదుపూ తగలకూడదు కదా.

అక్కడ, ఇంగ్లండు తూర్పు వైపు లింకన్‌షైర్‌లో, గాలి ఎప్పుడూ ఊరుకోదు. యుద్ధం అయిపోయి పన్నెండేళ్ళు కావస్తోంది, రన్‌వే బీటల్లోంచి గడ్డి మొలిచింది. చుట్టూ బార్లీ చేలూ, బీట్ దుంపల చేలూ, వాటి మధ్య నీళ్ళ కాలవలు. మగవాళ్ళు రన్‌వే మీద వరసగా నిలబడి, ముక్కు దగ్గర పంకాని తిప్పే లోపలి రబ్బరు పట్టీలను చేతి డ్రిల్లుతో చుట్టి చుట్టి బిగించి, విమానాల్ని గాలిలోకి వదిలేవాళ్ళు. వాటికి దారం ఉండదు, తాడు ఉండదు, వదిలాక ఎవరి మాటా వినవు. గాలి ఎటు తీసుకుపోతే అటు పోతాయి. వాటి వెనక పరిగెత్తడం ఆడవాళ్ళ పని. అలాగని ఎవరూ చెప్పలేదు. "నేను రెండోదాన్ని సిద్ధం చెయ్యాలి, నువ్వు కాస్త అది చూడు," అని మొదలై, పదకొండేళ్ళకి "ఈనిడ్! కాలవ దాటింది!" అన్న కేక దగ్గర ఆగింది. పేరు పిలిచేసరికి ఆమె కాళ్ళు వాటంతటవే కదిలేవి.

నిజం చెప్పాలంటే ఆ పరుగు ఆమెకు అసహ్యమేమీ కాదు. బార్లీలో నడుం దాకా మునిగి తల పైకెత్తి నిలబడితే ఆకాశంలో ఆ ఎర్రచుక్క ఒక్కటే ఉండేది. వంటిల్లు లేదు, అత్తగారు లేరు, బడి పిల్లల భోజనాల గదిలో తను రోజూ కడిగే పెద్దపెద్ద గిన్నెలు లేవు. రబ్బరు విప్పుకోవడం అయిపోయాక కూడా విమానం దిగకుండా, పైన ఏదో కనపడని మెట్టు దొరికినట్టు ఎక్కుతూ పోయేది. కొన్నిసార్లు అదే విమానం అదే గాలిలో రాయిలా పడేది. ఎందుకు? రెక్క అదే, కాగితం తనే అంటించింది. అక్కడ ఎక్కడానికీ ఇక్కడ పడడానికీ మధ్య ఏం మారింది?

ఓసారి ఇంటికొస్తూ అడిగింది. మోటారుసైకిలు హోరులో క్లిఫర్డ్ వెనక్కి తిరక్కుండా అరిచాడు: "అదంతా బలాల లెక్కలే! చెప్పినా నీకు బుర్ర నొప్పి!"

తనకు బుర్ర నొప్పి వస్తుందో రాదో ఎవరైనా చెప్పి చూస్తే కదా తెలిసేది, అనుకుంది ఈనిడ్ అతని కోటు వీపు చూస్తూ.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం బడి నుంచి వస్తూ బొమ్మల దుకాణంలోకి వెళ్ళింది. అద్దాల బీరువాలో విమానం కట్టుకునే పెట్టెల్లోకెల్లా చిన్నది చూపించి అదిమ్మంది. పెట్టె మీద టై కట్టుకున్న తండ్రీ, పొట్టి నిక్కరు వేసుకున్న కొడుకూ ఆకాశం వైపు వేలు చూపిస్తున్నారు. "బాబు పుట్టినరోజా అమ్మా?" అన్నాడు దుకాణదారు కాగితంలో చుడుతూ. "అవును," అంది ఈనిడ్. ఆమెకు పిల్లలు లేరు. ఆ సంగతి మీద అత్తగారు అనవలసినవన్నీ అనేసి ఎప్పుడో అలిసిపోయారు కూడా. అయినా ఆ "అవును" ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. నాకే అని చెప్పడం అంతకన్నా కష్టమన్నమాట.

పిండి పలక ఖాళీ లేదు కాబట్టి ఇస్త్రీ బల్ల మీద కట్టింది. క్లిఫర్డ్ కర్మాగారం గుమాస్తా గదిలో ఉండే మధ్యాహ్నాలు, బడి పనికీ రాత్రి వంటకీ మధ్య దొరికే వేళలో. ఇన్నేళ్ళూ పైన కాగితమే చూసింది గాని లోపలి ఎముకలు ఎలా నిలబడతాయో తెలీదు. ఒక్కో పక్కటెముకా బ్లేడుతో కోసి, నిలువు కమ్మీల మధ్య నిలబెట్టి, జిగురు చుక్క పెట్టి, ఊపిరి బిగబట్టి చూసేది. బాల్సా కర్ర చేతిలో ఉన్నట్టే ఉండదు. రొట్టె ముక్క కన్నా తేలిక, కానీ ఒక దిక్కున వంచితే వంగుతుంది, ఇంకో దిక్కున వంచితే టక్కున విరుగుతుంది. ఎందుకు విరిగిందో చూడ్డానికి కావాలని ఇంకో రెండు పుల్లలు విరిచింది.

బియాట్రిస్ రెండో వారంలో పట్టేసింది. "ఎవరికది?"

"నాకే అత్తయ్యా."

"నీకెందుకు? ఇంట్లో ఉన్నవి చాలవూ?"

"అవి ఆయనవి."

ముసలావిడ కళ్ళజోడు పైకి తోసుకుని ఆ ఎముకల గూడుని కాసేపు చూసింది. "ఇస్త్రీ బట్టలు పేరుకుపోతున్నాయి," అని మాత్రం అని వెళ్ళిపోయింది. కొడుకుతో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఈనిడ్‌కి అర్థం కాలేదు.

చివరికి బయటపెట్టింది ఈనిడే. జూన్ మొదట్లో, పసుపు కాగితం అంటించిన విమానాన్ని చేతిలో పట్టుకుని వెనక సీటెక్కుతుంటే క్లిఫర్డ్ విరగబడి నవ్వాడు. కోపం లేని నవ్వే. "అరె! మా ఇంటి వంటమనిషి పైలెట్టయింది! చెప్పి ఉంటే మంచి పెట్టె కొనిపెట్టేవాడిని కదే. ఇది చిన్నపిల్లల బొమ్మ."

ఆరోజు అందరి భోజనాలూ అయ్యాక రన్‌వే చివర నిలబడి దాన్ని వదిలింది. అది రెండు బారలు ఎక్కి, ఎడమ రెక్క వాల్చి, గిరగిరా తిరుగుతూ గడ్డిలో పడింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ ఎడమకే. మూడోసారి ముక్కు దగ్గర చిన్న పుల్ల విరిగింది. ఈనిడ్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఎడమకే ఎందుకు? ఒక్కసారైనా కుడికి పడొచ్చు కదా. రెక్క వంకరా? బరువు తేడానా? తోక? మనసులో ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తోంది. ఆమెకు ఏమాత్రం బాధగా లేదు. నిజానికి చాలా ఏళ్ళ తర్వాత ఆమె బుర్ర చప్పుడు చెయ్యకుండా, హాయిగా, తన పని తాను చేసుకుంటోంది.

"ఇటివ్వు," అన్నాడు క్లిఫర్డ్ వెనక నుంచి.

"ఉండు, నేను చూస్తున్నాను."

"ఇటివ్వవోయ్, ఒక్క నిమిషం." చేతిలోంచి తీసుకున్నాడు. జేబులోంచి అగ్గిపుల్ల తీసి గోటితో చీల్చి, ఆ చీలికని పంకా బిగించిన ముక్కుచెక్క వెనక ఒకపక్కకి దోపాడు. తోక చుక్కానిని వేలితో రవ్వంత వంచాడు. ముక్కుకి బంకమట్టి చిటికెడు అంటించాడు. పంకా చుట్టి, ఆమె వైపు చూడకుండానే వదిలేశాడు.

అది ఎగిరింది. పసుపు కాగితం లోంచి ఎండ కనపడుతుండగా, వెడల్పాటి చుట్లు చుట్టుకుంటూ పైకెక్కి, నిదానంగా వాలింది. క్లబ్బు కార్యదర్శి పెర్సీ చప్పట్లు కొట్టాడు. "శభాష్ క్లిఫ్! బొమ్మని కూడా ఎగరేశావ్!" పెర్సీ భార్య గ్వెన్ టీ కప్పులు తుడుస్తూ, "నీ అదృష్టం ఈనిడ్, మావారైతే తొక్కేసేవారు," అంది.

ఈనిడ్‌కి ఏడుపొచ్చింది. ఏడవడానికి కారణం ఏమీ కనపడక మరీ ఏడుపొచ్చింది.

"ఇప్పుడేమైంది? ఎగిరిందిగా!" అన్నాడు క్లిఫర్డ్, నిజంగానే తెలీక.

"ఎందుకు పడిందో నాకు తెలీలేదు."

"పడనిదానికి ఎందుకు పడిందని అడుగుతావేంటి? ఇప్పుడు బాగుందిగా!"

అతనికి ఏం చెప్పాలి? ఆకలేసిన మనిషి ముందునుంచి పళ్ళెం తీసుకుని, నువ్వు కష్టపడకు నేను తినిపెడతానని అంటే ఎలా ఉంటుందో చెప్పాలా? చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. అతను మంచివాడే. గట్టి మూతల సీసా చేతిలోంచి తీసుకుని తిప్పి ఇచ్చినట్టు, బ్యాంకు కాగితాలు చదవకుండానే సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించినట్టు, మాట్లాడుతుంటే వాక్యం మధ్యలో అందుకుని పూర్తి చేసినట్టు, ఇదీ చేశాడు. ఈ పదహారేళ్ళ కాపురంలో తను ఏదీ చివరిదాకా తప్పు చేసి చూడలేదని ఆ రన్‌వే మీద ఆమెకు తోచింది. ప్రతిదానికీ సగం దారిలో ఒక చెయ్యి అడ్డొచ్చి "ఇటివ్వు" అంది.

మర్నాడు ఈనిడ్ ఇస్త్రీ బల్ల ముందు కూర్చుని అగ్గిపుల్ల చీలిక బయటికి లాగేసింది. చుక్కానిని తిన్నగా చేసింది. బంకమట్టి గీకేసింది. ఎగిరే విమానాన్ని మళ్ళీ పడే విమానంగా మార్చుకుంది.

బడి వెనక మైదానం సాయంత్రాలు ఖాళీగా ఉండేది. అక్కడ రోజూ కాసేపు ఎగరేసేది. ఒకసారికి ఒక్కటే మార్చాలని తనకు తానే నియమం పెట్టుకుంది. రెక్క మార్చినా ఎడమకే. తోక మార్చినా ఎడమకే. ఒకరోజు విసుగొచ్చి పంకాని సరిగ్గా చుట్టకుండానే వదిలితే, అది తిన్నగా వెళ్ళి బుద్ధిగా దిగింది. ఈనిడ్ గడ్డిలోనే నిలబడిపోయింది. కొంచెం చుడితే తిన్నగా పోతోంది. బాగా చుడితే ఎడమకి పడుతోంది. అయితే తప్పు రెక్కలో లేదు, రబ్బర్లో ఉంది. రబ్బరుకి ఎడమ అంటే ఇష్టమెందుకు?

జవాబు బట్టలుతికే రోజున దొరికింది. దుప్పట్లు పిండే యంత్రంలో పట్టవని అత్తాకోడళ్ళిద్దరూ చెరో కొసా పట్టుకుని దొడ్లో మెలితిప్పుతారు. దుప్పటి మోకులా బిగిసి, నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. ఈనిడ్ హఠాత్తుగా తిప్పడం ఆపేసింది.

"అత్తయ్యా, వదలకండి. అలాగే పట్టుకోండి. అది మీ చేతుల్ని ఎటు లాగుతోంది?"

"ఎటు లాగితే నీకెందుకు? చన్నీళ్ళకి నా వేళ్ళు కొంకర్లు పోతుంటే!"

"ఒక్కసారి చెప్పండి, ఎటు?"

"ఇటు," అంది బియాట్రిస్ గడ్డంతో చూపించి.

"నా చేతుల్ని అటు లాగుతోంది."

ఇద్దరూ బిగిసిన దుప్పటి మీదుగా ఒకరినొకరు చూసుకున్నారు. దుప్పటి విప్పుకోవాలని చూస్తోంది. విప్పుకోవాలంటే ఒక కొస ఒకవైపు తిరిగితే రెండో కొస రెండోవైపు తిరగాలి. ఒక కొసకి పంకా ఉంది. రెండో కొసని పట్టుకున్నది విమానం ఒళ్ళు. పంకా ఇటు తిరుగుతుంటే పాపం ఒళ్ళు అటు తిరుగుతోంది!

"అది పంకా తప్పు కాదత్తయ్యా, రెక్క తప్పూ కాదు. రెండో కొసని పట్టుకున్నందుకు పడుతోంది."

"ఏమిటో నీ గోల," అని, ముసలావిడ మళ్ళీ మడత బిగించి, ఈసారి తనే ఆగి అడిగింది: "ఏదీ, ఇంకోసారి వదులు. నిజంగానే ఇటు లాగుతోందే!" ఆ దుప్పటి ఆవేళ అవసరానికి మించి ఆరిపోయింది.

క్లిఫర్డ్ అగ్గిపుల్ల ఎందుకు దోపాడో ఇప్పుడు తెలిసింది. పంకా ముక్కుని కాస్త కుడికి తిప్పితే అది ఆ ఎడమ లాగుడుకి సరిపోతుంది. కానీ ఎంత కాస్త? అది అతను చెప్పలేదు, తను అడగదలచుకోలేదు. బాల్సా ముక్క ఒకటి కోసి, అరగదీసి, పక్కన పెట్టుకుంది.

జూలైలో పోటీ. "ఈసారి నేను నాది ఎగరేసుకుంటాను క్లిఫ్," అని ముందురోజు మధ్యాహ్నమే చెప్పింది. "సరే, సరే," అన్నాడతను రబ్బరుకి ఆముదం రాసుకుంటూ. ఆ "సరే" ఎక్కడిదాకా వెళ్తుందో ఆమెకు తెలుసు.

పోటీ రోజు ఎండ బాగా కాసింది. మొదటి రెండు విడతల్లో క్లిఫర్డే ముందున్నాడు. రెండో విడతలో వదిలిన విమానం మాత్రం వేడిగాలి అందుకుని, రన్‌వే దాటి, బార్లీ దాటి పోతోంది. మూడో విడతకి అదే కావాలి. అతని రెండో విమానానికి పొద్దునే రెక్క విరిగింది. ఈనిడ్ అప్పుడు పాడుబడ్డ షెడ్డు వెనక, పసుపు విమానం మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ముక్కుచెక్క వెనక తన బాల్సా చీలిక దోపి రబ్బరు చుడుతోంది.

"ఈనిడ్! రైలుకట్ట వైపు పోతోంది! ఈనిడ్!"

కాళ్ళు కదిలాయి. ఆమె చూసుకుంది, నిజంగానే ఒక మడమ పైకి లేచింది. దాన్ని మళ్ళీ నేలమీద పెట్టుకుంది.

క్లిఫర్డ్ రొప్పుతూ షెడ్డు చుట్టూ తిరిగి వచ్చాడు. "ఇక్కడున్నావా! ఎటు పోయిందో చూశావా?"

"చూడలేదు."

"చూడలేదా?" పదకొండేళ్ళలో ఎన్నడూ వినని మాట కాబట్టి అతనికి సరిగ్గా అర్థం కాలేదు. "అంటే?"

"నాది చుట్టుకుంటున్నాను క్లిఫ్. నేను నీదాని వైపు చూడలేదు."

"నీ బొమ్మ సంగతి తర్వాత చూసుకుందాంలే! ఇటివ్వు, నేను పట్టుకుంటా. నువ్వు పరిగెత్తు!" చెయ్యి చాచాడు.

ఈనిడ్ ఇవ్వలేదు. బిగిసిన పంకాని వేలితో అదిమి పట్టుకుని, విమానాన్ని గుండెకి దగ్గరగా తీసుకుంది. గొంతు పెంచలేదు. "నాకు వీల్లేదు. నువ్వు పరిగెత్తు. కట్ట దగ్గర కాలవకి పలక వంతెన ఎడమపక్క ఉంటుంది, బీట్ చేను తొక్కితే ఆ రైతు అరుస్తాడు, గట్టు మీదే వెళ్ళు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. రన్‌వే మీద నుంచి పెర్సీ చూస్తున్నాడు, ఇంకా నలుగురు చూస్తున్నారు. ఆకాశంలో ఎర్రచుక్క చిన్నదవుతోంది. తిరిగి, ఆదివారం బూట్లతో బార్లీలోకి దిగి పరిగెత్తాడు. అతను పరిగెత్తడం ఈనిడ్ ఎప్పుడూ చూడలేదు. మోచేతులు రెండూ బయటికి పెట్టి, నీళ్ళలో నడిచేవాడిలా పోతున్నాడు.

ఆ విమానం సాయంత్రం ఎప్పుడో దొరికింది. మూడో విడతకి అందలేదు, కప్పు పెర్సీకి పోయింది. ఇంటికి వెళ్ళే దారంతా క్లిఫర్డ్ మాట్లాడలేదు, ఆ వారం కూడా ఎక్కువ మాట్లాడలేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర బియాట్రిస్ ఉన్నట్టుండి, "ఎవడి విమానం వాడు తెచ్చుకోవడానికి ఏం రోగం?" అని, ఉప్పు డబ్బా అందుకుంది. ఆ ఇంట్లో బల్లని ఆమె విమానాలకూ అతని విమానాలకూ మధ్య పంచుకునేసరికి చలికాలం వచ్చింది. అవన్నీ తర్వాతి సంగతులు.

అప్పుడు మాత్రం గ్వెన్ చేతులు తుడుచుకుంటూ షెడ్డు వెనక్కి వచ్చింది. "ఏమే, ఆయన్ని పంపించావా? కొంపలంటుకోవూ?"

"అంటుకుంటాయేమో. జరుగు, గాలి ఇటునుంచి వస్తోంది."

ఈనిడ్ చెయ్యెత్తి, గాలికి ఎదురుగా, పసుపు విమానాన్ని వదిలింది. అది తిన్నగా ఎక్కింది. షెడ్డు కప్పు దాటింది. ఎడమ రెక్క వాలలేదు. వాలలేదు, ఇంకా వాలలేదు. అప్పుడు కుడిరెక్క మెల్లిగా వంగింది. విమానం కుడికి తిరిగి, తిరిగి, ఆ చుట్టు చిన్నదై, ముక్కు కిందికి పెట్టి గడ్డిలో టప్పున పడింది.

"అయ్యో!" అంది గ్వెన్. "మళ్ళీ పడిందే పాపం! క్లిఫ్ వచ్చాక ఓసారి చూపించకూడదూ?"

ఈనిడ్ నవ్వుతోంది. తను దోపిన చీలిక రవ్వంత మందమైంది, అంతే. స్కార్ఫు ఊడి భుజం మీద పడింది, చూసుకోలేదు. అప్పటికే గడ్డిలో పరిగెడుతూ వెనక్కి తిరిగి అరిచింది: "నీకు తెలీదు గ్వెన్! ఇన్నాళ్ళూ దానంతటది పడేది. ఇవాళ నేను పడేశాను!"